బొంబాయి నగరమున అద్దె యిండ్ల చరిత్ర



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత కొంత స్థలమును, కొంత ధనమును గల గృహస్థుని గూర్చి పుట్టినది. కట్టుకొనుటకు స్థలమే లేనివాడు, తాను నిదురించు నాలుగు గోడలకై నెలనెలకు రొక్కము లెక్కించి యీయవలసినవాడు, ఈ సామెతలోనికి ఎక్కలేదు. మహానగరములలో అట్టివారు లక్షల కొలది గలరు. వారి కష్టసుఖములకును ఒక చరిత్ర కలదు. మన దేశమున ఆ చరిత్రను చదువుకొనుటకు బొంబాయి నగరమును మించిన పుస్తకము లేదని నా అభిప్రాయము. కావున ఆ నగరపు అద్దె యిండ్ల కథను మీకు విన్నవింపదలచితిని.

ఆశ్చర్యమేమన, ఆ నగరమే ఒకప్పుడు కౌలునకు ఈయబడినది. 1661 నాటి వివాహపు ఒడంబడికను బట్టి పోర్చుగీసు రాకుమారి కేథరీనుతో కూడ బొంబాయి దీవి ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసునకు అరణముగా సంక్రమించెను. రాజునకు ఆ దూరపు దీవి వలన లాభముకంటె వ్యయమే అధికముగా తోచెను. 1668లో దానిని సాలునకు 10 పౌనుల కౌలుపై ఈస్టిండియా కంపెనీ వారికి ఒప్పగించెను. నేడు ఆ దీవిలోని అనేక పేటలలో ఒక్క చదరపు అడుగు ఇంటి వెల ఆ 10 పౌనులకు ఎన్నో రెట్లున్నది.

నేల వెల ఇంతగా పెరుగుటకు మొదటి కారణము నేల యొక్క ఆకారమే. ఏడు చిన్న దీవుల నడుమనున్న నీటిని పూడ్చి ఒక్కటిగా చేసిన సన్నని నేల అది. మూడు వైపుల సముద్రము. హైదరాబాదువలె నలుదిక్కులకు వ్యాపించుటకు వీలులేదు. ఉత్తరమునకు మాత్రమే దారి కలదు. రెండవ కారణము పని. 1853లో బొంబాయి నుండి ఠాణాకు రైలు నడిచెను. 1854లో మొదటి నూలుమిల్లు స్థాపితమయ్యెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా, అచటి ప్రత్తి రాక ఆగి, ఇంగ్లండు మిల్లులు మన ప్రత్తికై చేయిచాచెను. బొంబాయిలో రూపాయలు వర్షించెను. 1864లో లెక్కింపగా నగరమున 8,16,562 మంది యుండిరి. యుద్ధము ముగిసి వర్తకము కూలిన పిమ్మట, 1872లో, 6,44,405 మంది మాత్రమే మిగిలిరి. పని యున్నపుడు జనము తరంగమువలె వచ్చును, పని లేనపుడు తరంగమువలె పోవును. ఇండ్లు మాత్రము అట్లు వచ్చి పోవునవి కావు. అద్దెల చిక్కంతయు ఈ రెండింటి నడుమ పుట్టినది.

మిల్లు కూలివాడు వేకువనే మిల్లు ద్వారముకడ నిలువవలెను. దూరమున చవుకగా ఇల్లు దొరికినను అది వానికి అక్కరకు రాదు. బండి కూలికే వాని సంపాదన చాలదు. కావున మిల్లులకు నడకదూరమున, గిరణ్‌గాఁవ్ అనబడు పరేలు, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతములలో, చాళ్లు లేచెను. చాళ్ అనగా మూడు నాలుగు అంతస్తుల కట్టడము. అంతస్తునకు ఒక పొడవైన వసారా, దానివెంట వరుసగా ఒంటి గదులు, అంతస్తు చివర అందరికిని కలిపి కుళాయి, మరుగుదొడ్లు. గదియే వంటిల్లు, గదియే పడకటిల్లు, గదియే పురిటిల్లు. ఒక పాళీవారు మిల్లునకు పోగా మరియొక పాళీవారు అదే చాపపై నిదురించిన గదులును ఉండెను.

ఈ కథలో తెలుగువారికిని పాలు కలదు. నిజాము రాజ్యమునుండి కట్టుబడి పనులకు పోయిన మన కూలీలను అచ్చట కామాఠీలనిరి. వారు కాపురమున్న పేటకే కామాఠిపురమని పేరు వచ్చెను. తరువాతి కాలమున ఆ పేట వేరొక కారణమున అపఖ్యాతి పాలయ్యెను గాని, దాని పేరు మాత్రము నగరమునకు ఇసుకయు సున్నమును మోసిన తెలుగు కూలీలదే. పిమ్మట కరీంనగరము, నల్లగొండ మున్నగు సీమలనుండి పద్మశాలీలు మిల్లులలో మగ్గములు నడపుటకు పోయిరి. వర్లీలోని చాళ్ల వసారాలలో నేను నడచుచుండగా ఒక గుమ్మమునుండి మరాఠీయు, మరియొక గుమ్మమునుండి మన తెలంగాణపు తెలుగును వినవచ్చెను. ఇతరులు తరతరములుగా నివసింపగల నగరమును కట్టినవారు, నేసినవారు, తాము మాత్రము ఒక్కొక్క గదిలో కాలము వెళ్లబుచ్చిరి.

1896లో ప్లేగు వచ్చెను. ఆ సెప్టెంబరులో మాండ్వీ పేటలో వైద్యుడు అకేషియో వియేగాస్ దానిని గుర్తించెను. లక్షలాది ప్రజలు నగరమును విడిచి పారిపోయిరి. 1891లో 8,21,764గా నున్న జనసంఖ్య 1901 నాటికి 7,76,006కు తగ్గెను. గాలియు వెలుతురును లేని ఇరుకు ఇండ్లే రోగమునకు నెలవని ప్రభుత్వమువారు తలచి 1898లో నగరాభివృద్ధి ట్రస్టును నెలకొల్పిరి. ట్రస్టువారు ఇరుకు పేటలను చీల్చి వెడల్పు వీథులు వేసిరి. దాదరు, మాటుంగా ప్రాంతములలో క్రొత్త పేటలకు నేలను సిద్ధపరచిరి. ఇవి మంచి పనులే. కాని వీథి వేయుటకు ఇల్లు కూల్చవలెను. కూల్చుట ఒక దినపు పని, కట్టుట సంవత్సరముల పని. మొదటి సంవత్సరములలో కట్టిన గదులకంటె కూల్చిన గదులే అధికము. ఇల్లు పోయిన పేదవాడు దాదరులోని క్రొత్త పేటకు పోలేదు. అది మధ్యతరగతివారికి తగిన అద్దెల పేట. అతడు ప్రక్క వీథిలోని చాళ్‌లో మరియొక కుటుంబముతో గది పంచుకొనెను. ఇరుకు తొలగలేదు, చోటు మారెను. ఆరోగ్యము పేరిట జరిగిన కార్యము అద్దెలను పెంచుట ఈ చరిత్రలో మొదటి పాఠము.

తరువాత 1914లో ప్రపంచయుద్ధము వచ్చెను. మిల్లులకు పని పెరిగెను. జనము మరల వచ్చి పడెను. ఇనుము, కలప దొరకక కట్టుబడి ఆగెను. ఇండ్ల యజమానులు అద్దెలను ఇష్టమువచ్చినట్లు హెచ్చించి, ఈయలేనివారిని వెళ్లగొట్టసాగిరి. అప్పుడు 1918లో బొంబాయి ప్రభుత్వము అద్దెల నియంత్రణ చట్టమును చేసెను. 1916 జనవరి 1వ తేదీన ఉన్న అద్దెయే ప్రమాణమనియు, అకారణముగా ఎవరిని వెళ్లగొట్టరాదనియు దాని సారాంశము. అది యుద్ధకాలపు తాత్కాలిక చట్టము. కొన్ని పొడిగింపుల తరువాత 1920 దశకపు చివర ముగిసెను.

అద్దెను కట్టడి చేసినంతమాత్రమున ఇల్లు పుట్టదు గదా! ఈ సంగతి ఎరిగిన గవర్నరు సర్ జార్జి లాయిడు 1920లో అభివృద్ధి శాఖను ఏర్పరచి 50,000 గదులు కట్టింప సంకల్పించెను. సొమ్మునకై నగరమునకు వచ్చు ప్రత్తి బేలు ఒక్కింటికి 1 రూపాయి సుంకము వేసిరి. ప్రత్తి వలన వచ్చిన జనమునకు ప్రత్తియే ఇల్లు కట్టవలెనను ఆలోచన న్యాయముగానే యున్నది. వర్లీ, నాయ్‌గాఁవ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో కాంక్రీటు చాళ్లు లేచెను. ఒక్కొక్కదానిలో 80 గదులు, గది వైశాల్యము 160 చదరపు అడుగులు. కాని 207 చాళ్లతో, అనగా సుమారు 16,500 గదులతో, పని నిలిచిపోయెను. అంతకంటె వింత, కట్టిన గదులలో అనేకము మొదట ఖాళీగా పడియుండెను. నగరమున మనుష్యులు కిక్కిరిసియుండగా గదులు ఖాళీగా నుండుట యేల? కూలివాడు చెల్లింపగలిగినదానికంటె అద్దె ఎక్కువ. వర్లీ నాటికి మిల్లులకు, బజారునకు దూరము. గదులు చీకటిగా, చెరసాలవలె నుండెనని స్త్రీలు చెప్పిరి. ఆ మాట ఊరక పోలేదు. 1930 దశకపు శాసనోల్లంఘన దినములలో వర్లీ చాళ్లను నిజముగనే తాత్కాలిక చెరసాలగా వాడిరి! నివసింపబోవువానిని అడుగక కట్టిన ఇల్లు ఎట్లుండునో ఇది రెండవ పాఠము.

ఆ కాలపు జీవనమెట్టిదో రెండు మూడు లెక్కల వలన తెలియును. 1920 దశకమున ప్రభుత్వము నియోగించిన ఒక వైద్యురాలు ఒక చాళ్‌లో 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల గదిని చూచెను. అందు ఆరు కుటుంబములు, పెద్దలును పిల్లలును కలిసి 30 మంది. నేలమీద ఆరు వేరువేరు పొయ్యిలు. 1921లో ఒంటి గది కాపురములలో పుట్టిన వేయిమంది శిశువులకు 828 మంది ఏడాది నిండకమునుపే మరణించినట్లు నగర లెక్కలలో కనబడుచున్నది. ఈ సంఖ్యను కొంత తగ్గించి చదువవలెను. ఏలనన పుట్టింటికి పోయి ప్రసవించిన తల్లుల బిడ్డల జననము పల్లెలో వ్రాయబడి, మరణము నగరమున వ్రాయబడెను. ఎంత తగ్గించినను అది గుండె చెదరగొట్టు సంఖ్యయే.

ఇక అద్దె భారమును చూడుడు. 1921-22లో బొంబాయి కార్మిక శాఖవారు కూలి కుటుంబముల జమాఖర్చులను పరిశీలించిరి. ఖర్చులో నూటికి 7.7 వంతులు అద్దెక్రింద పోవుచుండెను. 1932-33 నాటి పరిశీలనలో అది 12.81 వంతులయ్యెను. ఈనాటి నగరవాసులు ఈ అంకెలను విని, “ఎంత చవుక కాలము!” అని నిట్టూర్తురేమో. ఆ నిట్టూర్పు తగదు. ఆరు కుటుంబములు ఒక గదిని పంచుకొన్నప్పుడు ఒక్కొక్కరి అద్దె తక్కువగానే యుండును. అద్దె భారమును రూపాయలతో మాత్రమే కొలుచుట చాలదు. ఆ రూపాయలకు దొరికిన చోటెంత, గాలియెంత, మరుగెంత అని కూడ అడుగవలెను. కూలివాడు అద్దెలో ఆదా చేసినదంతయు తన ఊపిరినుండి ఆదా చేసినదే.

మరల యుద్ధము వచ్చెను, మరల చట్టము వచ్చెను. ఈ పర్యాయము చేసిన చట్టమే బొంబాయి ముఖమును మార్చినది. 1947 నాటి అద్దెల చట్టము 1940 సెప్టెంబరు 1వ తేదీన ఉన్న అద్దెను ప్రమాణముగా నిలిపెను. దేశవిభజన వలన నిరాశ్రయులు వేలకువేలు వచ్చుచున్న దినములవి. ఆ చట్టము లేకున్నచో ఎన్ని కుటుంబములు వీథిపాలగుచుండెనో చెప్పజాలము. దానిని చేసినవారి ఉద్దేశము దయతో కూడినది. అది కొలది సంవత్సరములకై చేసిన చట్టము. కాని గడువు తీరినప్పుడెల్ల దానిని పొడిగించుచు అర్ధశతాబ్దము గడిపిరి. పొడిగించుట సులభము, సవరించుట కష్టము. అద్దెకున్నవారు లక్షలు, యజమానులు వేలు. ఓట్ల లెక్క శాసనసభ్యులందరికిని తెలిసినదే.

దీని ఫలము ఎట్టిదో ఒక ఊహ వలన గ్రహింపవచ్చును. 1940లో నెలకు 10 రూపాయల అద్దెగల గది యొకటి యున్నదనుకొందము. పన్నుల హెచ్చింపులను మినహాయించినచో 1990లోను దాని అద్దె సుమారు 10 రూపాయలే. కాని అప్పటికి ఒక బస్తా సిమెంటు వెల ఆ గది యొక్క ఎన్నో నెలల అద్దెకు సమానమయ్యెను. యజమాని మరమ్మతు మానెను. దూలములు పుచ్చెను, గోడలు ఉబ్బెను. యజమానికి ఇల్లు కూలుటయే లాభమయ్యెను. ఏలనన కూలిన ఇంటి క్రింది నేల మిక్కిలి విలువైనది. ఇంతటి విపరీతమును ఏ దుష్టుడును తలపెట్టలేదు. కాలముతో కదలని ఒక అంకె తనంతట తాను దీనిని పుట్టించెను.

మరియొక ఫలము పగ్డీ. పగ్డీ అనగా తలపాగ. అద్దె గదిలో ప్రవేశించునపుడు యజమానికి రహస్యముగా చెల్లించు పెద్ద మొత్తమునకు ఈ పేరు పెట్టిరి. నెల అద్దె నామమాత్రము. గదిని విడుచునపుడు దానిని క్రొత్తవానికి అప్పగించి, వచ్చిన సొమ్ములో యజమానికి కొంత భాగమిచ్చి తక్కినది తాను తీసికొనును. అద్దెకున్నవాడు సగము యజమాని యయ్యెను. ఇది బహుకాలము చట్టవిరుద్ధముగనే, అందరి కన్నుల ఎదుట, జరిగెను. చేతిలో పెద్ద మొత్తము లేని క్రొత్తవానికి చవుక అద్దె గది కంటికి కనబడును గాని చేతికి అందదు.

1973లో మరియొక సవరణ చేసి, ఆ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన లైసెన్సుపై గృహములలో నున్నవారికిని అద్దెదారుల రక్షణ ఇచ్చిరి. లోపల ఉన్నవారు సంతోషించిరి. దానిని చూచి గృహములుగల మరికొందరు, ఇంట చేరినవాడు ఇక కదలడని భయపడి, తలుపులకు తాళములు వేసికొనిరి. ఇచ్చటనే ఈ చరిత్ర యొక్క గుండెకాయ యున్నదని నేను తలచెదను. చట్టము గడప లోపలనున్నవానిని రక్షించెను; గడప వెలుపల నిలిచినవానిని చూడలేదు. ఆ వెలుపలివాడు తరువాతి సంవత్సరములలో నగరమునకు వచ్చిన కూలివాడు, గుమాస్తా, క్రొత్తగా పెండ్లియైన దంపతులు. వారిలో పేదలు గుడిసెల పేటలకును, కాలిబాటలకును చేరిరి. 1985లో ఓల్గా టెల్లిస్ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు కాలిబాటలపై నివసించువారి స్థితిని విచారించి, జీవించు హక్కులో జీవనోపాధియు చేరియున్నదని చెప్పిరి. పనికి దగ్గరగా నుండుటకే వారు కాలిబాటను ఆశ్రయించిరని కోర్టు గ్రహించెను. నూరేండ్ల క్రిందట చాళ్‌ను పుట్టించిన కారణమే కాలిబాట కాపురమును పుట్టించినది. 2001 జనపరిగణనమున నగరవాసులలో సగముకంటె ఎక్కువమంది మురికివాడలలో నున్నట్లు తేలెను.

పాత ఇండ్ల మాటకు వత్తము. అవి కూలుచుండగా 1969 నాటి చట్టమును బట్టి మరమ్మతుల మండలిని స్థాపించి, పాత కట్టడములపై ప్రత్యేకమైన పన్ను విధించి, ఆ సొమ్ముతో బాగుచేయు ఏర్పాటు గావించిరి. మొదట ఈ లెక్కలోనికి వచ్చిన కట్టడములు 19,642. కొన్ని బాగుపడెను, అనేకము నేటికిని వాసములపై నిలిచియున్నవి. వానకాలము వచ్చినచో ఆ వీథులలో భయము ప్రవేశించును. 2017 ఆగస్టు 31వ తేదీన భేండీ బజారు ప్రాంతమున హుస్సేనీ భవనము కూలి 33 మంది మరణించిరి. చవుక అద్దెకు ప్రాణము పణముగా పెట్టవలసివచ్చుట ఎంత దారుణము!

1997 డిసెంబరులో సుప్రీముకోర్టువారు, అద్దెలను నాటి స్థితిలోనే స్తంభింపజేసిన నిబంధనలు కాలక్రమమున అన్యాయములైనవని తీర్పు చెప్పిరి. మహారాష్ట్ర ప్రభుత్వము 1999లో క్రొత్త చట్టమును చేసి 2000 మార్చి 31 నుండి అమలుపరచెను. సాలునకు నూటికి 4 వంతులు అద్దె పెంచుటకు అనుమతించిరి. బ్యాంకులు, పెద్ద కంపెనీలు మున్నగువానికి రక్షణ తొలగించిరి. పగ్డీని చట్టబద్ధము చేసిరి. క్రొత్తగా ఇండ్లు అద్దెకిచ్చువారు మాత్రము నేడు సామాన్యముగా కొలది నెలల లైసెన్సు పత్రములపైననే ఇచ్చుచున్నారు. కావున ఒకే వీథిలో ఒక గడప లోపల నామమాత్రపు అద్దెయు, ప్రక్క గడపలో జీతములో పెద్ద భాగమును మ్రింగు అద్దెయు కలవు. మొదటివాడు ఇల్లు కూలునని భయపడును, రెండవవాడు గడువు తీరునని భయపడును. ఇద్దరికిని నిశ్చింత లేదు.

ఇంతలో నగరపు వృత్తియే మారెను. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మె కట్టిరి. ఆ సమ్మె గెలువలేదు. అనేక మిల్లులు మరల పూర్తిగా తెరువబడలేదు. మన పద్మశాలీలలో కొందరు భివండీ, షోలాపురములకును, కొందరు స్వగ్రామములకును మరలిరి. మిల్లు పొగగొట్టములున్నచోట ఆకాశహర్మ్యములు లేచెను. ఒకప్పుడెవరును వలదన్న వర్లీ కాంక్రీటు చాళ్ల స్థానమున నేడు ఉన్నత భవనములు కట్టి, పాత కాపురస్థులకు 500 చదరపు అడుగుల ఇండ్లు ఉచితముగా ఇచ్చు ప్రయత్నము జరుగుచున్నది. 2025లో మొదటి జట్టువారికి తాళపుచెవులు అందెను. 160 అడుగుల గదిలో పుట్టి పెరిగినవానికి అది గొప్ప భాగ్యమే. నేను దానిని చూచి సంతోషింతును. కాని నేడు నగరమునకు క్రొత్తగా వచ్చు కూలివానికి ఆ 160 అడుగుల గదియైనను ఎచ్చట దొరకును అను ప్రశ్న మిగిలియే యున్నది.

ఇది బొంబాయివారి గొడవ గదా, మనకేల అని కొందరనవచ్చును. మనకును 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టము కలదు. మనకును హైదరాబాదున పనికి వచ్చి, నెల మొదటి తేదీన జీతము తీసికొని, అయిదవ తేదీలోగా దానిలో పెద్ద వాటాను ఇంటి యజమానికి ఇచ్చు యువకులు వేలకొలది కలరు. దేశమంతటిని చూచినచో, 1961లో పట్టణ కుటుంబములలో నూటికి 54 అద్దె యిండ్లలో నుండెను. 2011 నాటికి అది 27.5కు దిగెను. అదే 2011లో దేశపు పట్టణములలో సుమారు 1 కోటి 10 లక్షల ఇండ్లు ఖాళీగా నున్నట్లు లెక్కకు వచ్చెను. 2021లో కేంద్ర ప్రభుత్వము నమూనా అద్దె చట్టమును రచించి రాష్ట్రములకు పంపుటకు ఈ తాళము వేసిన ఇండ్లే ముఖ్యకారణము.

ఈ చరిత్ర నాకు నేర్పినది ఇంతే. అద్దెకున్నవానిని రక్షింపని నగరము క్రూరమైనది. 1918లోను 1947లోను చట్టము చేసినవారిని నేను నిందింపను. కాని రక్షణ కాలముతో కదలవలెను. సంవత్సరమునకు నాలుగు వంతులు పెరిగిన అద్దెను కాపురస్థుడు ఓర్చుకొనగలడు; ఏబదియేండ్లు కదలని అద్దెను గోడ ఓర్చుకొనజాలదు. అంతకంటె ముఖ్యముగా, పనికి దగ్గరగా, పేదవాడు చెల్లింపగల అద్దెకు, క్రొత్త గదులు ఎడతెగక కట్టుచుండవలెను. ఆ కట్టుబడి ఆగిన ప్రతి పర్యాయమును భారము బీదవానిపైననే పడినట్లు బొంబాయి సాక్ష్యమిచ్చుచున్నది.

నగరమునకు మనుష్యుల చేతులు కావలెను. చేతులను పిలిచినప్పుడు ఆ చేతులు గలవాడు తల వాల్చుటకు చోటునుకూడ చూపవలెను. ఇది దయాధర్మము కాదు, కూలిలో ఒక భాగము. 1 రూపాయి ప్రత్తి సుంకమును వేసిననాడు బొంబాయి ఈ సంగతిని గ్రహించెను. పని నడుమ నిలిపివేసి మరచెను. మన నగరములు ఇంకను పెరుగుచున్న ఈ దినములలో ఆ మరపు మనకు రాకుండుగాక!